దండెం మీద ధర్మసందేహం

దండెం అన్న మాట మన భాషలో చిన్నది. దండమనే మాటకు చుట్టమై, ఒకప్పుడు కర్రను, తరువాత తాడును, నేడు ఇనుప తీగను కూడ చెప్పుతున్న ఆ మాటలో మన గృహజీవితమంతా వ్రేలాడుతూ ఉన్నదంటే అతిశయోక్తి కాదు. పూర్వపు పెంకుటిళ్ళలో వాసాలనుండి రెండు త్రాళ్ళు దించి, వాటిమధ్య వెదురు బొంగును అడ్డంగా నిలిపి, దానిమీద మడిబట్టలను కర్రతో ఎత్తి ఆరవేసేవారు. ఇతరుల చేయి తగలరాదని ఆ ఎత్తు. అక్కడ దండెం కేవలం తడి ఆర్చే సాధనం కాదు. ఎవరు అంటవచ్చునో, ఎవరు అంటరాదో నిర్ణయించే సరిహద్దు కూడ. ఇక ఊరి చెరువుగట్టున చాకలివారి రేవులో ఆ సరిహద్దు లేదు. చౌడుమట్టిలో నానవేసి, బానలో ఉబ్బవేసి, బండమీద ఉతికిన బట్టలను రెండు పేటలుగా మెలివేసిన త్రాళ్ళ నడుమ కొసలు దూర్చి ఆరగట్టితే, కరణంగారి పంచె ప్రక్కన కాపుగారి తలగుడ్డ, దాని ప్రక్కన కూలివాని గోచీ ఒకే గాలికి ఊగేవి. ఊరిలో ఇన్ని అంతరాలు పాటించినవారు ఆ తాడుమీది సమానత్వానికి మాత్రం అభ్యంతరం చెప్పినట్లు కనిపించదు.

దండెం మన ఇంటిలో ఇంత నిరపాయంగా ఉండగా, దానిపై పురపాలక సంఘాలు శాసనాలు చేయడం, ఉన్నత న్యాయస్థానాలు తీర్పులు చెప్పడం, శాసనసభలు వాదోపవాదాలు జరపడం మన పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని గత డెబ్బది సంవత్సరాలుగా ఉత్తర అమెరికాలో ఈ వివాదం నడుస్తూనే ఉన్నది. ఇందులో ప్రశ్న బట్టలది మాత్రమే కాదు. నా ఇంటి ముంగిలి చూపు నాదా, వీధిలో పోయేవారిదా? అందమనే పేరుతో అవసరాన్ని నిషేధించవచ్చునా? ఎక్కువమందికి నచ్చనిదానిని తక్కువమంది చేయకూడదా? ఈ ప్రశ్నలు మన నగరాలలోని బహుళాంతస్తుల భవనాల మెట్లెక్కి మన గుమ్మాలలోకి కూడ వచ్చినవి గనుక, అక్కడి కథ కొంత తెలుసుకోవడం అవసరం.

రై నగరంలో ఆరు దండేలు

న్యూయార్కు రాష్ట్రంలో, సముద్రపు పాయను ఆనుకొని రై అనే చిన్న నగరం ఉన్నది. అక్కడ మంచి నివాసప్రాంతంలో, రెండు వీధులు కలిసే మూలన, స్టోవర్ దంపతుల ఇల్లు. నగర పన్నులు విపరీతంగా ఉన్నవని వారికి కోపం వచ్చింది. అర్జీలు వ్రాయడం, సభలు పెట్టడం అందరూ చేసే పనులు. వారు 1956లో తమ ఇంటి ముందు ఒక దండెం కట్టి, దానిమీద పాత గుడ్డలు, పీలికలు వ్రేలాడదీశారు. అది శాంతియుతమైన నిరసన అని ప్రకటించారు. పన్నులు తగ్గలేదు. మరుసటి సంవత్సరం రెండవ దండెం వెలిసింది. ఆ విధంగా ఏడాదికొకటి చొప్పున 1961 నాటికి ఆరు దండేలైనవి: మూడు ఒక వీధివైపు, మూడు రెండవ వీధివైపు. వాటిమీద చినిగిన దుస్తులు, పాత యూనిఫారాలు, లోదుస్తులు, దిష్టిబొమ్మలు! ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మనవారు అన్నది ఇటువంటివారిని చూసియే కాబోలు.

1961 ఆగస్టులో నగరపాలక సంఘం ఒక నిబంధన చేసింది. వీధిని ఆనుకొని ఉన్న ముందుపెరడులోగాని, ప్రక్కపెరడులోగాని దండెం కట్టరాదు. బట్టలు ఆరవేసుకోవడానికి నిజంగా మరొక చోటు లేక ఇబ్బంది పడేవారు దరఖాస్తు పెట్టుకుంటే అనుమతి పొందవచ్చును. స్టోవర్ దంపతులు దరఖాస్తు పెట్టారు. అనుమతి రాలేదు. వారు దండేలు విప్పలేదు. నేరం మోపబడింది, శిక్ష పడింది. వ్యాజ్యం న్యూయార్కు రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళి, 1963లో తీర్పు వచ్చింది.

నగరం తరఫువారు మొదట భద్రతను అడ్డం పెట్టుకొన్నారు. మూలమీద దండేలుంటే వాహనాలు నడిపేవారికి దృష్టి మళ్ళుతుందనీ, అగ్నిప్రమాదం జరిగితే లోపలికి పోవడానికి అడ్డమౌతుందనీ వాదించారు. ఫుల్డ్ న్యాయమూర్తి వ్రాసిన మెజారిటీ తీర్పు ఈ వాదాన్ని పెద్దగా లెక్కచేయలేదు. దండేనికీ రాకపోకల భద్రతకూ సంబంధమున్నదా అనే సందేహాన్ని దాచనూ లేదు. ఐనా నిబంధన నిలుస్తుందన్నది. ఏ ఆధారంమీద? సౌందర్యం ఆధారంమీద. నివాసప్రాంతపు రూపును, ఇళ్ళ విలువను కాపాడడానికి, సామాన్యుని కంటికి అసహ్యం కలిగించే అనవసరమైన దృశ్యాన్ని నగరం నిషేధించవచ్చునని తేల్చింది. నిరసన తెలిపే హక్కు ఉన్నది గాని, దానికి ఈ మార్గమే శరణ్యం కాదని కూడ చెప్పింది. అంతకుముందు అమెరికాలో అనేక న్యాయస్థానాలు అందమనే కారణాన్ని ఒంటరిగా నిలబెట్టడానికి వెనుకాడి, దానికి ఆరోగ్యమో భద్రతో తోడు కట్టేవి. ఆ ముసుగును తీసివేసిన తీర్పులలో ఇది ప్రసిద్ధమైనది. నేటికీ న్యాయశాస్త్ర విద్యార్థులు దీనిని చదువుతూనే ఉన్నారు.

వాన్ వూర్హిస్ న్యాయమూర్తి దీనితో ఏకీభవించలేదు. మనిషి తన ఇంటిని పొరుగువారి అభిరుచికి తగినట్లు ఉంచుకోవలెనని చట్టం శాసించడం మొదలుపెడితే, అందరినీ ఒకే మూసలో పోయడం వరకు అది ఆగదని ఆయన హెచ్చరించారు. వింతగా ప్రవర్తించే అల్పసంఖ్యాకుని హక్కును కాపాడడం కూడ ప్రజాస్వామ్యంలో భాగమేనని ఆయన అభిప్రాయం. స్టోవర్ దంపతులు ఫెడరల్ సుప్రీంకోర్టుకు వెళ్ళినా, అదే సంవత్సరం వారి అప్పీలు విచారణకు రాకుండానే కొట్టివేయబడింది.

ఈ వ్యాజ్యంలో ఒక చమత్కారమున్నది. ఆ దండేలమీద తడిబట్ట ఒక్కటీ ఆరలేదు. అవి బట్టలు కావు, మాటలు. మాటలను నిషేధించదలచి చేసిన నిబంధన బట్టలను నిషేధించింది. ఆ తరువాత అటువంటి నిబంధనల బరువును మోసినది మాత్రం నిజంగా బట్టలు ఆరవేసుకోవలసిన సంసారులు.

యంత్రం వచ్చింది, తాడు సిగ్గుపడింది

ఒకప్పుడు న్యూయార్కు నగరంలోనే పేదల వాడలలో, ఎదురెదురు మేడల నడుమ కప్పీలమీద త్రాళ్ళు నడిపి, ఐదారు అంతస్తులలో బట్టలు ఆరవేసేవారు. జార్జి బెలోస్ అనే చిత్రకారుడు 1913లో చిత్రించిన ‘క్లిఫ్ డ్వెల్లర్స్’ అనే ప్రసిద్ధ చిత్రంలో ఇరుకైన వీధిపై ఆ త్రాళ్ళు, ఆ బట్టలు, క్రింద కిక్కిరిసిన జనం నేటికీ చూడవచ్చును. అక్కడ దండెం జీవకళకు గుర్తు. కాని ఆ జీవకళ పేదరికంతో కలిసి వచ్చినది. పేదరికంనుండి పైకి వచ్చినవారు మొదట దాచదలచినది దానినే.

1938లో అమెరికాలో బట్టలు ఆర్చే విద్యుద్యంత్రం అంగడిలోకి వచ్చింది. దానికి జూన్ నెల పగటి పేరు పెట్టారు! ఎండను పెట్టెలో బంధించి అమ్ముతున్నామని చెప్పకుండా చెప్పడమన్నమాట. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ యంత్రం ఇంటింటికీ వ్యాపించింది. స్టోవర్ దంపతులు మొదటి దండెం కట్టిన 1956లోనే అక్కడి విద్యుత్ వస్తువుల కంపెనీలు విద్యుత్తుతో మెరుగైన జీవితమనే పెద్ద ప్రచారాన్ని ప్రారంభించినవి. యంత్రమున్న ఇల్లు సంపన్నతకు చిహ్నమైతే, తాడున్న ఇల్లు దేనికి చిహ్నమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆపై నగరాల శాసనాలకంటె బలమైన మరొక శాసనకర్త బయలుదేరినాడు. అదే గృహయజమానుల సంఘం. కాలనీ కట్టినవారు క్రయపత్రంలోనే షరతులు వ్రాస్తారు: గోడ రంగు ఇది, గడ్డి ఎత్తు ఇంత, దండెం కూడదు. ఇల్లు కొన్నవాడు ఆ షరతులకు బద్ధుడు. 1970లో అటువంటి సంఘాలు సుమారు 10,000 మాత్రమే. 2020 నాటికి మూడున్నర లక్షలు దాటినవనీ, వాటి పరిధిలో ఏడు కోట్లకు పైగా జనం నివసిస్తున్నారనీ ఆ సంఘాల సమాఖ్య అంచనా. ఉద్యోగాలకై వెళ్ళి అక్కడ ఇళ్ళు కొనుక్కున్న మన తెలుగువారు అనేకులు ఈ పరిధిలోనివారే. పట్టుచీరను, జరీపంచెను యంత్రంలో వేయరాదని వారికి తెలియనిది కాదు. పెరటిలో తాడు కట్టరాదని షరతు ఉంటే, ఆ చీర స్నానాలగదిలోనో, కారు నిలిపే కొట్టంలోనో ఆరవలసి వస్తున్నది.

ఆరవేసుకొనే హక్కు

ఈ నిషేధాలకు ఎదురుగాలి మెల్లగా వచ్చింది. వర్మాంటు రాష్ట్రంలోని మిడిల్‌బరీ కళాశాలలో హెలెన్ కాల్డికాట్ అనే ఆస్ట్రేలియా వైద్యురాలు, అణుశక్తి వ్యతిరేకోద్యమ నాయకురాలు, ఉపన్యసించింది. బట్టలు ఎండలో ఆరవేసుకోవడంవంటి చిన్న పనులు అందరూ చేస్తే అణువిద్యుత్కేంద్రాల అవసరమే తగ్గిపోతుందని ఆమె ఉపన్యాస సారాంశం. ఆ మాట విన్న అలెగ్జాండర్ లీ అనే విద్యార్థి 1995లో ‘ప్రాజెక్ట్ లాండ్రీ లిస్ట్’ అనే సంస్థను స్థాపించినాడు. ఏప్రిల్ 19ని బట్టలు ఆరవేసే దినంగా జరపడం, శాసనసభ్యులకు వ్రాయడం, కళాప్రదర్శనలు పెట్టడం ఆ సంస్థ పద్ధతి. ఒక ఉపన్యాసం విన్న విద్యార్థి ఒక ఉద్యమానికి నాంది పలకడం ఉపాధ్యాయులకు సంతోషం కలిగించే సంగతి.

అంతకుముందే ఫ్లోరిడా రాష్ట్రం 1980లో, సూర్యశక్తి సాధనాలను నిషేధించరాదనే శాసనంలో దండేన్ని కూడ పేరు పెట్టి చేర్చింది. సౌరఫలకం, దండెం, రెండూ సూర్యుని సొత్తును వాడుకొనేవే కదా! తరువాత 2008లో కొలరాడో, 2009లో మెయిన్, వర్మాంటు, 2010లో మేరీలాండు, 2015లో కాలిఫోర్నియా ఇటువంటి శాసనాలు చేసినవి. కెనడాలోని ఆంటేరియో రాష్ట్ర ప్రభుత్వం 2008 ఏప్రిల్‌లో, డాల్టన్ మెగింటీ ప్రధానిగా ఉండగా, దండేలపై నిషేధాలను త్రోసిపుచ్చింది. రై నగరంలో సౌందర్యం గెలిచిన అర్ధశతాబ్దికి ఇన్నిచోట్ల పొదుపు గెలిచింది.

ఈ పొదుపు ఎంత? విద్యార్థులు కాగితం, కలం తీసుకొని లెక్క వేయవచ్చును. ఒక లీటరు నీటిని ఆవిరిగా మార్చడానికి సుమారు 0.67 యూనిట్ల శక్తి కావాలి. ఐదు కిలోల బట్టలు యంత్రంలో పిండిన తరువాత కూడ సుమారు రెండున్నర, మూడు లీటర్ల నీటిని పట్టుకొని ఉంటాయి. అంటే ఎంత గొప్ప విద్యుత్ పొయ్యి ఐనా ఆ తడిని తరిమివేయడానికి దాదాపు రెండు యూనిట్లు పుచ్చుకోక తప్పదు. మామూలు యంత్రం మూడింటివరకు పుచ్చుకొంటుంది. అమెరికా ఇళ్ళలో వాడే విద్యుత్తులో చెప్పుకోదగిన భాగం ఈ ఒక్క పనికే పోతున్నది. అదే పనిని ఎండ, గాలి ఉచితంగా చేస్తున్నవి. గాలి తడిసిన పొరను తరిమి పొడి పొరను తెస్తుంది. ఎండ ఆ తడికి వేడినిస్తుంది. అందుకే రాయలసీమ వేసవిలో గంటలో ఆరే పంచె, విశాఖ సముద్రతీరపు శ్రావణంలో సాయంత్రానికి కూడ చెమ్మగానే ఉంటుంది.

ప్రతిపక్షం మాట

ఐతే దండేన్ని వద్దన్నవారందరూ డాంబికులని తీర్మానించడం న్యాయం కాదు. వారి వాదాలలో బలమైనవి ఉన్నవి. పై అంతస్తు బట్టల నీరు క్రింది అంతస్తువారి ఆరిన బట్టలమీద, అప్పడాలమీద పడుతుంది. సరిగా బిగించని కర్ర జారి దారిన పోయేవాని నెత్తిన పడవచ్చును. పుప్పొడి పడనివారికి బయట ఆరిన బట్ట జబ్బు తెస్తుంది. అన్నిటికంటె ఆలోచింపదగినది మరొకటి: ఆరవేయడం, తీయడం, వాన రాగానే పరుగెత్తడం ఎవరి పని? చాలా ఇళ్ళలో అది ఇల్లాలి పని, లేదా పనిమనిషి పని. యంత్రం వారి నడుముకు కొంత విశ్రాంతినిచ్చింది. వాలుకుర్చీలో కూర్చొని ఎండ మహిమను పొగిడే పురుషుడు, తడిబట్టల బక్కెటు ఒకసారి మేడమీదికి మోసి చూసిన తరువాత ఆ పొగడ్త కొనసాగించడం మంచిది.

మరి ఇంటి గుట్టు మాట? మన పెద్దలు ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. దండెం ఒక విధంగా ఇంటి జనాభా లెక్క. ఎందరు పిల్లలున్నారో, పురిటాలు ఉన్నదో లేదో, ఇంటాయన ఊరికి వెళ్ళినాడో వచ్చినాడో తాడు చెప్పివేస్తుంది. కాబట్టి దానిని వీధికి చూపకూడదనుకోవడం సహజమే. కాని తన గుట్టు తాను దాచుకోవడం మర్యాద. ఎదుటివారి బట్ట నా కంటపడరాదని శాసించడం అధికారం. ఈ రెంటికీ గల భేదాన్ని మరువరాదు.

ఇతర నగరాలు ఈ ప్రశ్నకు తలకొక విధంగా సమాధానం చెప్పినవి. సింగపూరులో ప్రభుత్వం కట్టిన ఎత్తైన ఇళ్ళలో, వంటింటి వెనుక గోడకు గొట్టపు తొడుగులు అమర్చి, వెదురు బొంగులను వాటిలో గుచ్చి బట్టలు ఆరవేసుకొనే ఏర్పాటు చేశారు. తడి బరువుతో బొంగును బయటికి చాచడం కష్టమూ, ప్రమాదమూ గనుక తరువాతి కాలపు ఇళ్ళలో వేరు పద్ధతులు వచ్చినవి. దుబాయి నగరపాలక సంస్థ మాత్రం బయటికి కనిపించేటట్లు వరండాలలో బట్టలు ఆరవేయరాదని నివాసులను పలుమార్లు హెచ్చరించింది. అక్కడ పనిచేసే మన తెలుగువారికి ఈ నిబంధన అనుభవంలోనిదే. ఇటలీలోని నేపుల్స్ నగరపు ఇరుకు సందులలోనో, తలమీద వ్రేలాడే బట్టలను చూడడానికే యాత్రికులు వస్తారు. ఒక నగరంలో జరిమానాకు పాత్రమైనది మరొక నగరంలో చిత్రపటానికి పాత్రమౌతున్నది. అందం కంటిలో ఉన్నదని చెప్పి ఊరుకోవడం తేలిక. జరిమానా వ్రాసే కలం ఎవరి చేతిలో ఉన్నదన్నది అసలు ప్రశ్న.

మన మేడలు, మన తీగలు

ఇప్పుడు మన సంగతి. పైన చెప్పిన శాసనాలలో ఒక లోపమున్నది. కాలిఫోర్నియా శాసనం ఇంటివాని సొంత పెరటికి వర్తిస్తుంది. వరండా కమ్మీని దండెంగా పరిగణించదు. ఆంటేరియో నిబంధన కూడ నేలమీది ఇళ్ళకే గాని ఎత్తైన మేడలకు కాదు. అనగా పెరడున్నవానికి హక్కు వచ్చింది, పెరడులేనివానికి రాలేదు. మన హైదరాబాదు, విజయవాడ, విశాఖ నగరాలలో నానాటికి పెరుగుతున్నది ఈ పెరడులేనివారే. అపార్టుమెంటు సంఘం వీధివైపు వరండాలో బట్టలు కనబడరాదంటుంది. మేడపై కప్పుకు తాళం వేసి ఉంటుంది. వంటింటి వెనుక జానెడు చోటులో ఉతికే యంత్రం, గ్యాసు బండ, చీపురు ఉండగా నలుగురి బట్టలు ఎక్కడ ఆరాలి? సూర్యుడు సంవత్సరంలో అధికభాగం ఉచితంగా పనిచేసే దేశంలో, చలిదేశాల అభిరుచిని అనుసరించి, విద్యుత్తుతో బట్టలు ఆర్చుకోవలసిన స్థితి రావడం వివేకమనిపించుకోదు.

నిబంధనలే వద్దని నా వాదం కాదు. నిబంధన నిజంగా అవసరమైన చోట మనం మౌనంగా ఉన్నామన్నదే నా బాధ. వానకాలంలో తెలుగు పత్రికల జిల్లా పుటలు చూసేవారికి ఒక వార్త కొత్త కాదు: దండెం తీగమీద బట్టలు ఆరవేస్తూ విద్యుదాఘాతంతో ఇల్లాలి మరణం, కాపాడబోయిన భర్తో, కుమారుడో కూడ మృతి. ఇంటికి వచ్చే కరెంటు తీగ పైతొడుగు చినిగి ఇనుప దండేనికి తగులుతుంది, లేదా దండెం కట్టిన రేకుల కప్పుకు కరెంటు ప్రాకుతుంది. తడిబట్ట, తడిచేయి, తడినేల మిగిలిన పని పూర్తిచేస్తాయి. ఎదుటివారి కంటికి ఇంపుగా లేదని దండేన్ని విప్పించే సంఘాలు, ప్రాణం తీసే దండేన్ని చూడక ఊరుకొనడం ఏమి సౌందర్యదృష్టి?

ఉపాధ్యాయులు ఈ ఒక్క విషయం తరగతిలో చెప్పినా గొప్ప ఉపకారం. దండేనికి ఇనుప తీగ వాడరాదు. నూలు త్రాడో, కొబ్బరి త్రాడో, నైలాను త్రాడో వాడాలి. విద్యుత్ స్తంభానికి, దాని ఊతపు తీగకు దండెం కట్టరాదు. ఎవరికైనా ఆఘాతం తగిలితే ముందు మెయిను ఆపాలి, చేతితో పట్టుకొని లాగరాదు. ఆపే వీలులేకుంటే ఎండిన కర్రతో విడదీయాలి. ప్రతి విద్యార్థి తన ఇంటి దండెం దేనితో కట్టినదో ఒకసారి చూసి రావలెనని చెప్పితే, అది ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వని గృహపాఠం.

ఇక నగరాలు, సంఘాలు నిబంధనలు చేసేటప్పుడు మూడు మెట్లు గుర్తుంచుకోవడం న్యాయమని తోస్తుంది. ప్రాణానికి అపాయమైతే నిస్సంకోచంగా నిషేధించాలి. పొరుగువారికి ఇబ్బంది ఐతే చోటునో, వేళనో మార్చి సర్దుబాటు చేయాలి. కేవలం కంటికి నచ్చకపోతే, వద్దనేముందు ఆరవేసుకోవడానికి మరొక చోటు చూపాలి. రై నగరపు నిబంధన సైతం, కాగితంమీదనైనా, చోటు లేనివారికి మినహాయింపు వ్రాసింది. మన అపార్టుమెంటు సంఘాల తీర్మానాలలో ఆపాటి వాక్యమైనా ఉండవద్దా? మేడపై కప్పు తాళం తీసి నాలుగు స్తంభాలు పాతిస్తే, ఇల్లు కట్టేటప్పుడే వంటింటి వెనుక ఎండ వచ్చే నాలుగు గజాలు విడిచిపెట్టిస్తే, ఈ వివాదంలో సగం వివాదమే కాకుండా పోతుంది.

మనిషి తన ఒంటిమీది బట్ట శుభ్రంగా ఉండాలని కోరుకోవడం నాగరకత. ఆ శుభ్రతకు ముందుదశ ఐన తడిబట్టను చూడలేకపోవడం కూడ నాగరకతే అని ఎవరైనా అంటే, ఆ నాగరకత ఉతికిన పంచె కావాలనీ, ఉతుకు కనపడరాదనీ కోరుతున్నదన్నమాట. ఆరవేసే చేతులను మరచిన అందం ఎంత తెల్లనిదైనా, దానికి ఇంకా ఒక ఉతుకు అవసరం.